సదరం రీ-వెరిఫికేషన్ వివరాలడిగితే "వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపారు. మొదటి అప్పీలులో ఏం రాయాలి?

సీమ_స్కాలర్:

అందరికీ నమస్తే. నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. ప్రభుత్వ డేటాబేసులు ఒక మనిషిని అర్హుడనీ, అనర్హుడనీ ఎలా తేలుస్తున్నాయన్నది నా టాపిక్. 2025లో ఏపీలో దివ్యాంగుల పింఛన్లకు సంబంధించి సదరం సర్టిఫికెట్లు (వైకల్యం ఎంత శాతమో చెప్పేవి) మళ్లీ పరిశీలించారు కదా, మా మండలంలోనూ నోటీసులొచ్చాయి. పాత సర్టిఫికెట్‌లో 40 శాతం దాటినవాళ్లలో కొందరికి కొత్తదాంట్లో అంతకన్నా తగ్గింది. ఎందుకు తగ్గిందో వాళ్లకీ తెలియదు, అడిగితే సచివాలయంలోనూ తెలియదు.

అందుకని ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద దరఖాస్తు పెట్టాను. నోటీసు అందుకున్నవాళ్ల పేర్లు, గ్రామం, పాత శాతం, కొత్త శాతం, పరీక్షించిన ఆసుపత్రి, అప్పీలు చేసుకున్నారా లేదా అనేవి అడిగాను. జవాబు ఒక్క లైను: "మీరు కోరిన సమాచారం వ్యక్తిగత సమాచారమునకు సంబంధించినది. సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇచ్చుటకు వీలుపడదు." కింద సంతకం, స్టాంపు. అంతే.

ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఇదే సెక్షన్‌లో ఉండేదని చదివాను. ఇప్పుడు ఆ మాట ఉందా, తీసేశారా? మా గైడ్ గారైతే టాపిక్ మార్చుకో అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

పాత_పీఐఓ:

తీసేశారు బాబూ. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. అందులోని సెక్షన్ 44(3) మన ఆర్టీఐలోని 8(1)(జె)ని కత్తిరించింది. రెండేళ్లు కాగితం మీదే ఉండి, 2025 నవంబర్‌లో రూల్స్ నోటిఫై చేసినప్పుడు అమల్లోకి వచ్చింది.

పాతదాంట్లో ఏదైనా ఆపాలంటే, దానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం లేదనో, ఇస్తే ఒకరి ఆంతరంగిక జీవితంలోకి అకారణంగా చొరబడినట్టవుతుందనో చూపించాలి. అప్పటికీ విస్తృత ప్రజాప్రయోజనం ఉందనిపిస్తే ఇచ్చేయాలి. పార్లమెంటుకో అసెంబ్లీకో ఇవ్వక తప్పని సమాచారాన్ని మామూలు మనిషికీ కాదనకూడదని చివర్లో ఇంకో వాక్యం. ఇప్పుడు అవన్నీ పోయి "వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం" అన్న ముక్క మిగిలింది.

నేను రిటైరవకముందు కొన్నేళ్లు పీఐఓ, అంటే ఆర్టీఐ దరఖాస్తులకు జవాబిచ్చే అధికారి సీట్లో కూర్చున్నాను. ఆ సీటు సంగతి చెప్తా విను. ఇస్తే పైవాళ్లు అడుగుతారు, ఇవ్వకపోతే సమాచార కమిషన్ అడుగుతుంది. కమిషన్ దాకా వెళ్లే ఓపిక జనంలో తక్కువమందికి ఉంటుంది. పైవాళ్లేమో పక్క గదిలోనే ఉంటారు. కాబట్టి మనసు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? అయినా అప్పట్లో ఆపడానికి నోట్‌ఫైల్లో ఒక కారణమంటూ రాయాల్సి వచ్చేది. అది రాయడానికి కూర్చుంటే సగం కేసుల్లో కారణం దొరికేది కాదు, ఇచ్చి పంపేసేవాళ్లం. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు. మస్టర్ రోల్లో (కూలీల హాజరు పట్టీలో) పేర్లుంటాయి, కాంట్రాక్టరు బిల్లు మీద పేరుంటుంది. అన్నీ వ్యక్తిగతమే అనేయొచ్చు. 1994లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు మస్టర్ రోళ్లు జనం మధ్య పేరుపేరునా చదివించబట్టే కదా దొంగ లెక్కలు బయటపడ్డాయి. పేరు తీసేసి చదివితే ఏం తెలుస్తుంది?

సరే, నీ పనికొద్దాం. ఆర్టీఐలో 8(2)ని ఎవరూ ముట్టుకోలేదు. ఇవ్వడం వల్ల కలిగే ప్రజాప్రయోజనం, దానివల్ల జరిగే హానికంటే ఎక్కువైతే, మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చని ఉంది. నీ అప్పీలుకు ఇదే ఆధారం. "ప్రజాప్రయోజనం దృష్ట్యా" అని ఊరికే రాస్తే బుట్టలోకే పోతుంది. దాస్తే ఎవరికి నష్టం, ఇస్తే ఎవరికి నష్టం, రెండూ పక్కపక్కన పెట్టు. దాంతోపాటు 4(1)(బి)లో 12వ అంశం చూపించు. సబ్సిడీ పథకాల అమలు తీరు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడక్కముందే ప్రకటించాలని అక్కడ ఉంది. పింఛను సబ్సిడీ కాదని వాదిస్తారేమో, వాదించనీ.

ఇంకొకటి. 7(8) ప్రకారం తిరస్కరణ ఉత్తరంలో కారణం, అప్పీలు గడువు, అప్పిలేట్ అధికారి వివరాలు ఉండి తీరాలి. నీకొచ్చిందాంట్లో గడువూ లేదు, అధికారీ లేడు. మొదటి పేరాలోనే అది రాసెయ్. తిరస్కరణ సరైనదేనని నిరూపించుకోవాల్సిన బాధ్యత కూడా పీఐఓదే, 19(5).

బెజవాడ_డేటా:

ఆఫీసువాళ్లను వెనకేసుకు రావడం కాదుగానీ, మీరడిగిన లిస్టు చూస్తే నాకే ఇబ్బందిగా ఉంది. పేరు, ఊరు, వైకల్య శాతం, ఆసుపత్రి ఒకే షీట్లో పెడితే అది మెడికల్ రికార్డే. మా అత్తగారికి వినికిడి సమస్య మీద పింఛనొస్తుంది. "మీ సదరం రెన్యువల్ చేయాలి, ఓటీపీ చెప్పండమ్మా" అని ఆవిడకు ఫోనొచ్చింది. ఫోన్ చేసినవాడికి ఆవిడ పేరు, శాతం రెండూ తెలుసు. ఇలాంటి షీటేదో ఎక్కడో తిరుగుతోందన్నమాట.

2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జిలు ప్రైవసీ ప్రాథమిక హక్కని తేల్చారు. అది పింఛను తీసుకునే ముసలామెకూ ఉంది. మీ థీసిస్‌కు పేర్లు ఎందుకు?

సీమ_స్కాలర్:

పేర్లుంటే వెళ్లి మాట్లాడొచ్చని అడిగాను. నిజానికి ఊరు తెలిస్తే చాలు, రచ్చబండ దగ్గర నిలబడితే వాళ్లే వచ్చి చెప్తారు. పేర్లు వదిలేస్తాను.

ఇంకో డౌటు. ఆ డేటా చట్టంలోనే 17(2)(బి) కింద పరిశోధనకు మినహాయింపు ఉందట. దాన్ని అప్పీలులో వాడొచ్చా?

గుంటూరు_వకీలు:

వాడొద్దు. అది మీ చేతిలో ఉన్న డేటాతో పరిశోధన చేసేటప్పుడు మీకిచ్చే వెసులుబాటు. ఆఫీసు చేత డేటా ఇప్పించే సెక్షన్ కాదది. పైగా అది ఇంకా అమల్లోకి రాలేదు. తమాషా అంతా ఇక్కడే ఉంది. ఆ చట్టంలో 3 నుంచి 17 వరకు, అంటే సమ్మతి, నోటీసు, పౌరుడి హక్కులు, డేటా పెట్టుకున్నవాడి బాధ్యతలు దాదాపు అన్నిటికీ నవంబర్ 2025 నుంచి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. ఆర్టీఐకి కత్తెర మాత్రం అదే రోజు నుంచి. పైన చెప్పిన అత్తగారి డేటా లీకు చేసినవాడికి టైముంది, అడిగినవాడికి లేదు.

2025 ఏప్రిల్‌లో ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్, జైరాం రమేశ్‌కు జవాబు రాస్తూ, వేరే చట్టాల కింద వెల్లడించాల్సిన వివరాలు ఇకముందూ వెల్లడవుతాయన్నారు, సెక్షన్ 3ని చూపించి. ఆ సెక్షన్ కూడా 2027 లిస్టులోదే. అయినా ఆ ఉత్తరం కాపీ అప్పీలుకు జతచేయండి. ప్రభుత్వం మాటే కాబట్టి కిందివాళ్లు తేలిగ్గా కొట్టిపారేయలేరు.

పేర్లు వదిలేయడం మంచి పని. ఆర్టీఐ సెక్షన్ 10 కింద ఇవ్వకూడని భాగం కొట్టేసి మిగతాది ఇవ్వమనండి. కానీ "కొత్తగా పట్టిక తయారుచేసి ఇవ్వండి" అనకండి. ఆదిత్య బందోపాధ్యాయ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు, లేని సమాచారాన్ని పోగుచేసి ఇవ్వక్కర్లేదంది. ఉన్న రిజిస్టరో, డౌన్‌లోడ్ షీటో పేరు, ఆధార్, ఫోన్ కాలమ్‌లు మూసి కాపీ ఇవ్వమనండి. ఒక ఊళ్లో ఇద్దరే ఉంటే శాతం చూసి పోల్చేస్తారు, అందుకని అలాంటిచోట మండలం మొత్తం కలిపి ఇచ్చినా చాలని ముందే రాసెయ్యండి.

పాత_పీఐఓ:

వకీలు గారు చెప్పినట్టు అప్పీలు వెయ్యి, ఉత్తరం అందిన 30 రోజుల్లోపు. దానికోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, పేర్లు లేని కొత్త దరఖాస్తు కూడా ఒకటి పడెయ్. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలే.

సీమ_స్కాలర్:

థాంక్యూ సార్. అప్పిలేట్ అధికారి ఎవరో ఉత్తరంలో లేదు కదా, ఎవరి పేరున పంపాలి?

పాత_పీఐఓ:

పేరక్కర్లేదు, హోదా చాలు. ఆఫీసు గోడ మీద ఆర్టీఐ బోర్డు ఉంటుంది, ఒక్కోసారి బీరువా వెనక ఉంటుంది, చూడు. లేకపోతే "మొదటి అప్పిలేట్ అధికారి, ఫలానా కార్యాలయం" అని రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో.