కర్నూలు యాక్సిడెంట్ ట్రిబ్యునల్లో ఇంటర్న్‌షిప్: ఫైలు ఎక్కణ్ణుంచి చదవాలి?

గూడెం కుర్రాడు:
మాది ఆత్మకూరు వైపు చెంచు గూడెం. అయిదేళ్ల లా కోర్సులో మూడో ఏడాది అయిపోయింది. జూన్‌లో నాలుగు వారాలు కర్నూలు జిల్లా కోర్టులో, మోటారు ప్రమాదాల్లో నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్ దగ్గర ఇంటర్న్‌షిప్ దొరికింది. మావాళ్లు కోర్టు మెట్లెక్కింది అటవీ కేసుల్లోనే, అదీ ముద్దాయిలుగా, అందుకే కాస్త టెన్షన్‌గా ఉంది. పోయినసారి ఒక ఆఫీసులో నెలంతా జిరాక్సులు తీయించి, ఖాళీ దొరికితే "మీ దగ్గర అసలు తేనె దొరుకుతుందా" అని అడిగేవాళ్లు. ఈసారి ఊరు పేరు చెప్పాలా వద్దా?

వాయిదాల వకీలు:
జూన్ కాబట్టి బతికిపోయావు తమ్ముడూ, మేలో అయితే సివిల్ కోర్టులకు సెలవులు, ఖాళీ హాల్లో ఫ్యాన్లు లెక్కపెట్టుకునేవాడివి. ఎంవీఓపీ (ప్రమాద పరిహారం కోసం వేసే కేసు) ఫైలు చేతికొస్తే పిటిషన్ తర్వాత చూడు, ముందు ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, బండి ఇన్సూరెన్స్ పాలసీ చదువు. ముఖ్యంగా వయసు. 42 ఏళ్ల మనిషికి సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పు (2009) ప్రకారం మల్టిప్లయర్, అంటే ఏడాది ఆదాయాన్ని ఎంతతో గుణించాలో ఆ అంకె, 14. ఆధార్ లేక, పోస్ట్‌మార్టంలో చూపుకి 52 అని రాసేశారనుకో, అది 11 అయిపోతుంది. నెలకు 10 వేల సంపాదన, నలుగురు ఆధారపడినవాళ్లు ఉంటే సొంత ఖర్చు పావు వంతు తీసేసి ఏడాదికి 90 వేలు, మల్టిప్లయర్‌లో 3 తగ్గింది, అంటే ఒక్క వయసు దగ్గరే 2,70,000 పోతుంది. ముందుముందు పెరిగే సంపాదన కింద కలిపేది ఇంకా కలపలేదు. ఊరి సంగతి మాత్రం ఎత్తకు, పని చేసుకుని వచ్చేయ్.

డోన్ అక్క:
వకీలు గారూ, చివరి మాట ఒప్పుకోను. వరండాలో పొద్దుటి నుంచి కూర్చున్న ముసలామె నల్లకోటుతో మాట్లాడదు, తన మాట తెలిసిన పిల్లాడితో మాట్లాడుతుంది. వయసెంతో, ఎవరికి ఎంతమంది పిల్లలో అక్కడే బయటపడుతుంది. చెప్పు నాయనా, దాచుకోవడానికేముంది? ఇంకోటి, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఎక్కడుందో మొదటిరోజే చూసిపెట్టుకో. కేసు వేయడానికి ప్రమాదం జరిగిన ఊరికే పోనక్కర్లేదు, వాళ్లు ఉండేచోటి ట్రిబ్యునల్లోనూ వేయొచ్చు, ఇది చాలామందికి తెలీదు.

గూడెం కుర్రాడు:
థాంక్స్ అక్కా, అన్నా. ఒకటి అడుగుతా. పోయిన సంక్రాంతికి మా పక్కింటాయన్ని ఏదో లారీ గుద్ది పోయింది, నంబరు ఎవరూ చూడలేదు. బండే తెలియనప్పుడు ట్రిబ్యునల్‌కు ఎలా పోతారు?

వాయిదాల వకీలు:
దానికి ట్రిబ్యునల్ అక్కర్లేదు. హిట్ అండ్ రన్ పథకం కింద చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50 వేలు, 2022 ఏప్రిల్ 1 నుంచి. అంతకుముందు చావుకు 25 వేలే. దరఖాస్తు రెవెన్యూ ఆఫీసులో ఇవ్వాలి, తహసీల్దారునో ఆర్డీవోనో అడగండి. ఎఫ్ఐఆర్ అయ్యిందా అసలు?

గూడెం కుర్రాడు:
పోలీసులు వచ్చి రాసుకుపోయారు, కాపీ ఎవరి దగ్గరుందో తెలీదు. రాత్రికి అమ్మకు ఫోన్ చేసి కనుక్కుంటా.