గిరి ప్రదక్షిణలో సముద్ర స్నానం తర్వాత కాళ్లకు బొబ్బలు: ఏం చేయాలి?

విశాఖపట్నంలో సింహాచలం కొండ చుట్టూ చేసే గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, చెప్పులు లేకుండా. మా వీధివాళ్లం ఎనిమిది మందిమి రెండేళ్లుగా ఆషాఢ చతుర్దశి నాడు మధ్యాహ్నం రెండింటికి తొలిపావంచా (కొండ కింది తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరుతున్నాం. అడవివరం, హనుమంతవాక మీదుగా అప్పూఘర్ బీచ్ చేరేదాకా నాకు ఏ ఇబ్బందీ ఉండదు. అక్కడ సముద్ర స్నానం చేసి రోడ్డెక్కాకే మొదలవుతుంది.

అరికాలు నాని మెత్తబడుతుంది. వేళ్ల సందుల్లో ఇసుక ఎంత కడిగినా పోదు. ఇసుకతోట వచ్చేసరికి (పేరు కూడా అదే, చూడండి!) బొటనవేలి కింది కండ భగభగమంటుంది. మాధవధార దగ్గర రూపాయి బిళ్లంత బొబ్బ లేస్తుంది. నిరుడు అది చితికింది. మిగతావాళ్లు గోవింద నామాలు చెప్పుకుంటూ సాగిపోతే, నేను ఎన్‌ఏడీ కూడలిలో ఆటో ఎక్కాను.

నెల రోజులు రోజూ ఆరు కిలోమీటర్లు ఒట్టి కాళ్లతో తారురోడ్డు మీద నడిచాను. వాజెలైన్ రాస్తే ఇసుక ఇంకా అంటుకుంది. గుడ్డ ప్లాస్టర్ నీళ్లలో ఊడిపోయింది. తువ్వాలుతో తుడిచి పౌడరు చల్లితే పావుగంట నిలిచింది, అంతే, పైనుంచి వాన. షుగరు లేదు, వయసు 46.

స్నానం మానను, చెప్పులూ వేసుకోను. ఒట్టి కాళ్లతో ప్రదక్షిణ పూర్తి చేసినవాళ్లు చెప్పండి: అప్పూఘర్‌లో నీళ్లలోంచి బయటికి వచ్చాక, మళ్లీ నడక మొదలుపెట్టే ముందు మీరు అరికాళ్లకు ఏం చేస్తారు?