అప్‌డేట్: కాకినాడ నుంచి పిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యతో కోరింగ వెళ్లొచ్చాం

ఎండలో ఎక్కువ నడవకుండా అందరం తిరగగలిగే చోటు చెప్పమని అడిగాను కదా. కడియం నర్సరీలు, కోరింగ మడ అడవులు రెండూ చెప్పారు. కడియం ఇంకా చూడలేదు. కోరింగకి మాత్రం పొద్దున్నే బయల్దేరాం.

అత్తయ్యకి మడ చెట్ల మధ్యలోంచి వెళ్లే చెక్క వంతెన బాగా నప్పింది. మెట్లెక్కే పని తక్కువ, పైన చెట్ల నీడ. ఆగుతూ, కమ్మీ పట్టుకుని నిదానంగా నడిచారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ఆటు వేళ చూసుకుని వెళ్లండి. నీళ్లు వెనక్కి తగ్గితేనే బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్లు కనిపిస్తాయి. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి మడ చెట్టు వాటితోనే ఊపిరి తీసుకుంటుంది. పిల్లలు పీతల్నీ, బురద మీద గెంతే చిన్న చేపల్నీ చూస్తూ అక్కణ్ణుంచి కదల్లేదు. పడవకి మాత్రం పోటు మీదున్నప్పుడే బాగుంటుంది.

1978లో అభయారణ్యం అయిన చోటు ఇది. బావురుపిల్లులు (చేపలు పట్టి తినే అడవి పిల్లులు) ఉంటాయి గానీ రాత్రి తిరిగే జీవాలు, పగలు కనిపిస్తాయని పిల్లలకి ఆశ పెట్టకండి. 1839 తుపానులో ఇక్కడి కోరంగి ఓడరేవు తుడిచిపెట్టుకుపోయిన సంగతి అత్తయ్య చెబితే, మా పెద్దాడు ఈ చెట్లు అలల జోరు తగ్గిస్తాయా అని అడిగాడు. తగ్గిస్తాయి. అందుకే ఆ వేళ్ల మధ్య చిప్స్ కవర్లు చూస్తే ప్రాణం ఉసూరుమంది. దయచేసి మీ చెత్త మీ సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి.

మంచినీళ్లు, టోపీలు మర్చిపోవద్దు. చలికాలమైతే పక్షులు కూడా ఎక్కువ.