మా వాడలో ఎంతమంది ఉన్నారో ఎవర్ని అడగాలి?

గేటవతలోడు:

అందరికీ నమస్తే. మాది వరంగల్ అండర్ రైల్వే గేట్ దిక్కు, కరీమాబాద్ పక్కన. చదువుకున్నోడివి కదా అని కాలనీ సంఘం కార్యదర్శి పని నాకు అంటగట్టారు. పోయిన నెల మీటింగ్‌లో పెద్ద లొల్లి అయింది. పెద్దమనుషులు పార్కు కావాలన్నారు, కుర్రాళ్లు ఓపెన్ జిమ్ అన్నారు, ఆడవాళ్లది మాత్రం ఒకటే మాట: అంగన్‌వాడీ మన దగ్గరికి రావాలి, పిల్లల్ని మెయిన్ రోడ్డు దాటించి పంపలేకపోతున్నాం అని. ఎవర్నీ నొప్పించడం ఎందుకని దరఖాస్తులో మూడూ రాసుకుని ఒక ఆఫీసుకు పోయాం. అక్కడి సారు కాగితం పూర్తిగా చదవనేలేదు, "మీ దగ్గర జనాభా ఎంత, ఆరేళ్లలోపు పిల్లలెంతమంది" అని అడిగాడు. నేను "మస్తుమంది ఉన్నారు సార్" అన్నా. ఆయన నవ్వి కాగితం పక్కన పెట్టాడు. ఆ నవ్వు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే 2011 జనాభా లెక్కల్లో వార్డుల వారీ ఎక్సెల్ పట్టిక ఒకటి దొరికింది. సంబరపడి మా డివిజన్ (కార్పొరేషన్ వార్డునే ఇక్కడ డివిజన్ అంటారు) నంబరు దగ్గర చూస్తే, ఆ అంకెలకూ మా వాడకూ పొంతనే లేదు. నేనేమన్నా తప్పు చూస్తున్నానా? మా గల్లీల లెక్క అసలు ఎక్కడైనా దొరుకుతుందా? దొరికినా దాన్ని చూసి ఫలానాది మాకు ఎక్కువ అవసరం అని ఎట్లా తేలుస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి.

బడిపంతులు:

బాబూ, తప్పు నీది కాదు, నంబరుది. 2011లో లెక్కలు తీసినప్పటి వార్డులు వేరు. తర్వాత చుట్టుపక్కల 42 ఊళ్లు కార్పొరేషన్‌లో కలిశాయి, 2016 ఎన్నికలకు 58 డివిజన్లు చేశారు, 2021 ఎన్నికలకు వాటినే 66 చేశారు. ప్రతిసారీ హద్దులు జరిగాయి, నంబర్లు మారాయి. పాత పట్టికలో నీ ఇప్పటి నంబరు వెతికితే వేరేవాళ్ల వాడే వస్తుంది. 2011లో వరంగల్ నగరం జనాభా 6.2 లక్షలు అని అందరూ రాస్తుంటారే, అది కూడా ఆ ఊళ్లు కలవకముందు హద్దుల మీద తీసింది.

జిల్లా లెక్కలైతే ఇంకా చిక్కు. 2011లో ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభా 35 లక్షల పైచిలుకు. 2016లో దాన్ని ముక్కలు చేశారు, 2021లో వరంగల్ అర్బన్ జిల్లాను హనుమకొండ అనీ వరంగల్ రూరల్‌ను వరంగల్ అనీ పేర్లు మార్చి మండలాలు కూడా అటూ ఇటూ జరిపారు, దాంతో మన నగరం కొంత ఈ జిల్లాలో, కొంత ఆ జిల్లాలో పడింది. "వరంగల్ జిల్లా" అని ఎక్కడైనా అంకె కనబడితే అది ఏ ఏడాది వరంగల్ అని అడగకుండా ముట్టుకోవద్దు.

నేను 2001లో, 2011లో రెండుసార్లూ ఎన్యూమరేటర్ డ్యూటీ, అంటే ఇల్లిల్లూ తిరిగి జనాభా రాసే పని చేశాను కాబట్టి లోపలి సంగతి ఒకటి చెప్తా. లెక్క తీసేది వార్డు మీద కాదు, బ్లాకు మీద. ఒక్కొక్కరికి సుమారు 650 నుంచి 800 మంది జనం ఉండే ఒక ముక్క ఇస్తారు. మొదటి పని ఇళ్లలోకి పోవడం కాదు, పటం గీయడం. నాకొచ్చిన బ్లాకులో మూలమీద పోచమ్మ గుడి, దాని ఎదురుగా బోరింగు, అక్కడి నుంచి పెన్సిలుతో బాణం గుర్తు వేసుకుంటూ ఒక్కో గోడ మీద నంబరు రాసుకుంటూ పోయాను. మధ్యలో ఒక ఇల్లు పటంలో లేకుండా పోయింది, ఎందుకంటే ముందు కిరాణా దుకాణం ఉంది, వెనకాల సందులోంచి పోతే నలుగురు కాపురముంటున్నారు. రెండోరోజు కిరాణా ఆయనే చెప్పాడు. అట్లాంటి ఇళ్లు తప్పిపోతే పై పట్టికలో ఎంత పెద్ద గణితం వేసినా తిరిగి రావు.

ఆ బ్లాకు లెక్కలు బయటికివ్వరు, వార్డు దాకానే ఇస్తారు. నీకు దొరికిన పట్టికలో కుటుంబాలు, జనాభా, 0-6 ఏళ్ల పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనివాళ్లు ఉంటారు. ఇంకో పట్టిక ఉంది, ఇళ్ల జాబితాది. అందులో నల్లా నీళ్లు ఇంట్లోకే వస్తున్నాయా బయటినుంచి తెచ్చుకుంటున్నారా, మరుగుదొడ్డి ఉందా, మోరి పైన మూత ఉందా, బండి ఉందా అనేవి శాతాల్లో ఇచ్చారు. వాడ ఎట్లాంటిదో అర్థం కావాలంటే నా లెక్కలో ఆ రెండోదే మేలు. పాతదే, కానీ పక్క వార్డుతో పోల్చుకోవడానికి ఇప్పటికీ పనికొస్తుంది.

నక్కలగుట్ట:

కొత్త జనాభా లెక్కలకు 2027 మార్చి 1 రిఫరెన్స్ తేదీ (ఆ రోజుకు ఎంతమంది ఉన్నారన్నదే లెక్క), వార్డు పట్టికలు వచ్చేసరికి ఇంకా పడుతుంది, అప్పటిదాకా కూర్చుంటావా బ్రో. నేను వాడేది కరెంటు లెక్క. ఓపెన్ డేటా తెలంగాణ అని సర్కారు సైట్ ఉంది, అందులో మనవైపు కరెంటు ఇచ్చే కంపెనీ ఎన్‌పీడీసీఎల్ నెలనెలా ఇచ్చే ఫైళ్లుంటాయి. సర్కిల్, డివిజన్, సబ్‌డివిజన్, సెక్షన్, చివరికి ఏరియా పేరు దాకా దిగుతుంది. ఒక్కో ఏరియాకు మొత్తం సర్వీసులు (కరెంటు కనెక్షన్లు) ఎన్ని, అందులో బిల్లయినవెన్ని, యూనిట్లెన్ని, లోడెంత అని నాలుగు అంకెలు.

వాటితో ఆడుకోవచ్చు. ఒకే ఏరియాకు మూడేళ్లవి వరుసగా పెట్టి చూస్తే ఎక్కడ కొత్త ఇళ్లు లేస్తున్నాయో తెలిసిపోతుంది. యూనిట్లను బిల్లయిన సర్వీసులతో భాగించి, జనవరి అంకె పక్కన మే అంకె పెడితే ఏసీలున్న కాలనీ ఏదో, ఫ్యాను మీద బతికే బస్తీ ఏదో దాదాపు కనబడుతుంది. ఎండాకాలంలో ఎవరికి నీడ కావాలో, చలివేంద్రం ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఇంతకంటే తాజా లెక్క నాకైతే దొరకలేదు.

ఒక జాగ్రత్త. కరెంటోళ్ల డివిజన్ వేరు, కార్పొరేషన్ డివిజన్ వేరు. పేరొక్కటే, హద్దులు కలవవు. నేనే మొదట రెండూ ఒకటే అనుకుని ఒక రాత్రంతా పట్టిక చేసి పొద్దున తీసిపారేశా.

కొత్తవాడ ఆడబిడ్డ:

తమ్మీ, మీటర్లు లెక్కపెడితే మనుషులు లెక్కకొస్తారా? మా ఇంటి మెట్ల కింద ఆరు మీటర్లున్నాయి. రెండింటికి అద్దెకున్నవాళ్లున్నారు, ఒకటి మగ్గం గదిది, ఒకటి ఖాళీ, మిగతా రెండూ మాయే. 2024లో 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వచ్చాక విడిగా రెండో మీటరు పెట్టించుకున్న ఇళ్లు మా గల్లీలోనే ఉన్నాయి. అట్లని ఒక్క మీటరు మీద మూడు కుటుంబాలు బతికే కాంపౌండ్లు లేవా? కొత్త ఇళ్లు ఎక్కడ లేస్తున్నాయో చూడటానికి మీ లెక్క మంచిదే, పిల్లలెంతమందో మాత్రం అది చెప్పదు.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే ఎట్లా జరిగిందో గుర్తుందా? ఒక్కరోజులో రాష్ట్రమంతా. భీవండి నుంచి, సూరత్ నుంచి మావాళ్లు బస్సులెక్కి వచ్చారు పేరు రాయించుకోవడానికి. ఇక్కడ కిరాయికుంటున్నవాళ్లు తాళాలేసి సొంతూరికి పోయారు. ఆ రోజు ఎవరు ఎక్కడ దొరికారో అదే లెక్కయింది, రోజూ నల్లా నీళ్లు ఎక్కడ పట్టుకుంటారో అది కాదు. సంఘాలోళ్లు కూడా ఓటరు జాబితా పట్టుకుని ఇదే మా జనాభా అంటారు, దాంట్లో పద్దెనిమిది నిండనివాళ్లు ఉండరు, కిరాయోళ్లలో సగం మంది ఓటు ఊర్లోనే ఉంటుంది. అంగన్‌వాడీ అడగడానికి ఓటరు జాబితా తీసుకుపోతే నవ్వక ఏం చేస్తారు.

అందుకని గేటవతల తమ్ముడూ, నువ్వు ముందు పోవాల్సింది మీ అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి. ఆమె దగ్గర కుటుంబ సర్వే రిజిస్టర్ ఉంటుంది, గర్భిణులు, బాలింతలు, పిల్లలు పేరుపేరునా. మీ గల్లీలు ఆమె పరిధిలో ఉన్నాయో లేవో కూడా అక్కడే తేలుతుంది. చాలాచోట్ల అసలు తిప్పలదే. కొత్తగా లేచిన గల్లీ ఏ టీచర్ రిజిస్టర్‌లోనూ ఉండదు, ఇద్దరూ అవతలావిడది అనుకుంటారు. మామూలుగా 400 నుంచి 800 మంది జనాభాకు ఒక కేంద్రం అనేది పద్ధతి. మీది అంత ఉంటే అడిగే హక్కుంది.

లెక్క తీసేటప్పుడు "ఆరేళ్లలోపు" అని ఒకే గంపలో వెయ్యకు. మూడేళ్లలోపు పిల్లలకు బాలామృతం అనే పోషకాహార పొడి ఇంటికే తెచ్చుకుంటారు, రోజూ రోడ్డు దాటేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు. ఇంకెవరు దాటాలో తెలుసా? గర్భిణులకూ బాలింతలకూ పెట్టే ఆరోగ్యలక్ష్మి భోజనం అంగన్‌వాడీ కేంద్రంలోనే తినాలి, అంటే ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల కూడా ఆ మెయిన్ రోడ్డు దాటాలి. ఈ సంగతి మీ దరఖాస్తులో ఉందా? మగవాళ్లు రాసిన కాగితం కాబట్టి ఉండదనే అనుకుంటున్నా.

హంటర్ రోడ్డు వాసి:

లెక్కలు లెక్కలు అంటున్నారు, మా సంగతి చెప్తా వినండి. 2023 జూలై ఆఖర్లో బొందివాగు పొంగి హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ అంతా నీళ్లలో ఉన్నాయి. అంతకుముందు 2020 ఆగస్టులోనూ అంతే. మా కాలనీని ఏ పట్టికలో చూసినా బాగానే కనబడుతుంది. పక్కా ఇళ్లు, ఇంటికో బండి, నల్లా కనెక్షన్, బ్యాంకు ఖాతా. నడుంలోతు నీళ్లు వచ్చిన రాత్రి అదే బండి మునిగిపోయింది, అంతే తేడా. సగటు తీస్తే మేం అవసరం లేనివాళ్లం.

నాకు తెలిసి మావైపు పనికొచ్చిన లెక్క ఒక్కటే. ఇంటింటికీ పోయి గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలిచి, గల్లీ పటం మీద రాసుకున్నాం. వరుసలో ఏడో ఇంటి దాకా మోకాలెత్తు, ఎనిమిదో ఇంటి నుంచి ఒక్కసారిగా నడుందాకా. పోయి చూస్తే అక్కడ మోరి మీద ఎవరో ర్యాంపు పోసుకున్నారు. ఇంత చిన్న సంగతి వార్డు అంకెల్లోకి ఎట్లా వస్తుంది?

బడిపంతులు:

హంటర్ రోడ్డు సార్ చెప్పింది నిజం, నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే చిన్న లెక్కల్లో ఇంకో బోల్తా ఉంది. నాలుగు గల్లీల్లో 20 మంది మగపిల్లలు, 14 మంది ఆడపిల్లలు తేలారనుకో, అయ్యో మా దగ్గర ఆడపిల్లల్ని పుట్టనివ్వట్లేదని పత్రికకు పోవద్దు. అంత చిన్న గుంపులో మరో రెండు కాన్పులైతే అంకె చాలా మారిపోతుంది. శాతాలు రాయకు, మనుషుల సంఖ్యే రాయి. పక్కన తేదీ, ఏ గల్లీ నుంచి ఏ గల్లీ దాకా అన్నది రాయి. ఆ రెండూ లేని అంకెను నేను డ్యూటీలో ఉన్నప్పుడైనా నమ్మేవాణ్ని కాదు.

ఇంకోటి, పట్టణ ఆరోగ్య కేంద్రం లాంటివి 50 వేల జనాభాకు ఒకటి లెక్కన ఇస్తారు. దానికి నీ నాలుగు గల్లీల లెక్క చాలదు, మూడు నాలుగు డివిజన్లు కలిసి అడగాలి. అంగన్‌వాడీకైతే నీ గల్లీలే చాలు. అడిగేదాన్ని బట్టి ఎంత మేర లెక్క తీయాలో మారుతుంది. పార్కుకైతే జనాభా కంటే ముందు ఖాళీ జాగా సర్వే నంబరు అడుగుతారు, ఉందా మీ దగ్గర?

నక్కలగుట్ట:

అక్కా, మీటర్ల సంగతి ఒప్పుకున్నా. గేటవతల బ్రో, ఒకవేళ రిజిస్టర్ చూపించకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడుగు, 30 రోజుల్లో జవాబివ్వాలి. పేర్లు అడగకు, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కేంద్రం వారీగా సంఖ్యలు, ఏ కేంద్రం కిందికి ఏ గల్లీలొస్తాయి అన్నది అడుగు.

గేటవతలోడు:

అందరికీ థాంక్స్. మూడు వారాలైంది, జరిగింది రాస్తున్నా.

టీచరమ్మ దగ్గరికి పోయాం. సమాచార హక్కు దాకా పోవాల్సిన పనే పడలేదు, రిజిస్టర్ తీసి చూపించింది, పాపం ఆమే మాకంటే ఎక్కువ గోడు వెళ్లబోసుకుంది. అక్క చెప్పినట్టే అయింది. మా నాలుగు గల్లీల్లో రెండే ఆమె రిజిస్టర్‌లో ఉన్నాయి. మిగతా రెండూ మామిడితోట తీసేసి ప్లాట్లు చేశాక లేచినవి, ఎవరి పుస్తకంలోనూ లేవు.

తర్వాత ఇల్లిల్లూ తిరిగాం. మగవాళ్లం పోతే తలుపు సగమే తీశారు, రెండోరోజు నుంచి మా అమ్మనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్లనూ ముందు పెట్టుకున్నాం. నాలుగే ప్రశ్నలు: ఎంతమంది, మూడేళ్లలోపు పిల్లలు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు, గర్భిణి గానీ బాలింత గానీ ఉన్నారా. పేర్లు రాసుకోలేదు. కులం అడుగుతారేమో అని ఒకాయన ముందే గరమయ్యాడు, 2024 నవంబర్‌లో సర్వేకు చెప్పాను కదా మళ్లీ ఎందుకు అని. ఆయన్ని ఒప్పించడానికి అరగంట, ఒక చాయ్. రెండు ఇళ్లు కిరాణా వెనకాల దొరికాయి, పంతులు సార్ మీ మాట గుర్తొచ్చి అడిగా కాబట్టి దొరికాయి. అంతా కలిపితే ఎనిమిది వందలకు దగ్గరకొచ్చారు. ఎక్కువమంది చిన్నపిల్లలున్నది ఆ రిజిస్టర్‌లో లేని రెండు గల్లీల్లోనే, అక్కడున్నదంతా కిరాయికొచ్చిన కొత్త కాపురాలు.

పార్కు సంగతి సంఘంలో ఇంకా నడుస్తోంది. సర్వే నంబరు ఏదని అడిగితే పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, వచ్చే మీటింగ్‌లో చెప్తామన్నారు. జిమ్ అడిగిన కుర్రాళ్లే ఇల్లిల్లూ తిరిగింది, కాబట్టి వాళ్లకిప్పుడు నేను బాకీ.

దరఖాస్తులో ఈసారి ఒక్క అంగన్‌వాడీయే రాశాం, కడుపుతో ఉన్నవాళ్ల భోజనం సంగతి మొదటి పేరాలోనే పెట్టాం. పటం కూడా గీశా. పంతులు సార్, ఒక చిన్న డౌటు: రైలు పట్టాలు పైన పెట్టి గీస్తే మాకు సులువుగా అర్థమవుతోంది, ఉత్తరం పైకి పెడితే మావాళ్లెవరికీ వాళ్ల ఇల్లు దొరకట్లేదు. ఎట్లా పెట్టమంటారు?

బడిపంతులు:

పట్టాలే పైన పెట్టు. ఉత్తరానికి మూలమీద బాణం గుర్తు వేస్తే చాలు.