పాసులిచ్చే పాయింట్ గార్డ్‌ను ఎలా అంచనా వేయాలి? స్టీవ్ నాష్ ఆట గురించి ఒక ప్రశ్న

పెరంబూరు వాసి:

చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబం మాది. మా అమ్మాయికి పదహారేళ్ళు. ఆరో తరగతి నుంచి బాస్కెట్‌బాల్ ఆడుతోంది. రెండేళ్ళుగా బడి జట్టుకు పాయింట్ గార్డ్. ఎత్తు 162 సెంటీమీటర్లు. బుట్ట కింద పొడుగువాళ్ళతో తలపడడం కన్నా బంతిని ముందుకు నడిపించి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి అందించడమే తన పని అని చిన్నప్పుడే గ్రహించింది. ఆ పనిని ఇష్టంగా చేస్తుంది.

నెల క్రితం ఒక ఎంపిక పోటీకి వెళ్ళాం. ఆమె ఆడిన జట్టు నాలుగు ఆటల్లో మూడు గెలిచింది. ఆమె అందించిన బంతులతో ఎక్కువ పాయింట్లు చేసిన ఇద్దరు అమ్మాయిలు ఎంపికయ్యారు, ఈమె కాలేదు. కారణం అడిగితే ‘పాయింట్లు చాలవు’ అన్నారు. ఆ ఇద్దరూ మా అమ్మాయి స్నేహితురాళ్ళే. బాగా ఆడారు, వాళ్ళను తీసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆ రాత్రి మా అమ్మాయి ‘నాన్నా, ఇకనుంచి నేను కూడా షాట్లే వేస్తాను, ఎవరికీ పాసులివ్వను’ అన్నప్పుడు నాకు ఏం చెప్పాలో తోచలేదు.

వాళ్ళ కోచ్ గారు అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలో పాయింట్ గార్డ్‌గా ఆడిన స్టీవ్ నాష్ పాత ఆటలు చూడమన్నారు. నెల రోజులుగా రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని చూస్తున్నాం. అయితే తెల్లవారుజామున లేచి ఎన్‌బీఏ ఆటలు చూసే మా బావమరిది కొడుకు, నాష్ ఒక్క ఛాంపియన్‌షిప్ కూడా గెలవలేదనీ, అతనికి వచ్చిన రెండు ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) పురస్కారాలు కూడా వేరేవాళ్ళకు రావలసినవనీ వాదిస్తున్నాడు. అలాంటి ఆటగాణ్ణి పిల్లకు ఆదర్శంగా చూపించడం సరైనదేనా? స్కోర్‌షీటులో కనపడని పనిని మేము ఎలా లెక్కించుకోవాలి? ఆట తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

విల్లివాక్కం పాత గార్డ్:

అయ్యా, నేను ఒక కార్యాలయ జట్టులో పదకొండేళ్ళు గార్డ్‌గా ఆడాను కాబట్టి మీ అమ్మాయి మాట వినగానే నాకు మనసు కలుక్కుమంది. ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం), సదరన్ రైల్వే, ఇండియన్ బ్యాంక్ వంటి జట్లున్న ఊరు మనది. ఆటతో ఉద్యోగం సంపాదించుకోవచ్చన్న ఆశ ఇక్కడ చాలా ఇళ్ళలో ఉంటుంది. అందుకే ఎంపిక పోటీ అనగానే పిల్లలకు షాట్ల మీద ధ్యాస పెరుగుతుంది. దానికి తోడు, మన పోటీల్లో బల్ల దగ్గర నింపే స్కోర్‌షీటులో ఎవరు ఎన్ని పాయింట్లు చేశారు, ఎవరు ఎన్ని ఫౌళ్ళు చేశారు, టైమౌట్లు ఎప్పుడు తీసుకున్నారు అన్నవే ఉంటాయి. అసిస్టుకు, అంటే బుట్ట పడేలా అందించిన పాసుకు, అందులో గడే లేదు. ఆ కాగితం చూసి నిర్ణయించేవారికి మీ అమ్మాయి చేసిన పని అసలు జరిగినట్టే తెలియదు.

నాష్ దగ్గరికి వస్తాను. అతని ఆటను అతని అంకెల్లో కాకుండా అతని పక్కన ఆడినవాళ్ళ అంకెల్లో చదవాలన్నది నా అభిప్రాయం. 2003-04 సీజన్‌లో ఫీనిక్స్ సన్స్ 29 ఆటలు గెలిచి 53 ఓడిపోయింది. ఆ వేసవిలో ముప్ఫై ఏళ్ళ నాష్ డాలస్ నుంచి అక్కడికి వెళ్ళాడు. మరుసటి సీజన్‌లో అదే జట్టు 62 గెలిచి 20 మాత్రమే ఓడింది. నాష్ తాను చేసినవి ఆటకు సగటున 15.5 పాయింట్లే, కానీ 11.5 అసిస్టులు ఇచ్చాడు. అమారే స్టౌడమైర్ సగటు 20.6 నుంచి 26 పాయింట్లకు చేరింది. స్టౌడమైర్ స్వతహాగా గొప్ప బలశాలి, అప్పటికే పేరున్నవాడు. అతన్ని నాష్ తయారు చేశాడని నేను అనను. అయితే పిక్ అండ్ రోల్‌లో స్టౌడమైర్ అడ్డుగా నిలబడి, గార్డ్‌ను కాపలా కాసేవాణ్ణి ఆపి, వెంటనే బుట్టవైపు తిరిగేటప్పటికి బంతి అతని చేతికి అందేది. అర క్షణం ముందు వస్తే అతను సిద్ధంగా ఉండడు, అర క్షణం ఆలస్యమైతే కాపలా వచ్చేస్తుంది. ఆ కాలజ్ఞానమే నాష్ ఆట.

తరువాతి ఏడు ఇంకా ఆసక్తికరం. మోకాలి శస్త్రచికిత్స వల్ల స్టౌడమైర్ ఆ సీజన్‌లో మూడు ఆటలే ఆడాడు. జో జాన్సన్ అట్లాంటాకు వెళ్ళిపోయాడు. అతనికి బదులుగా వచ్చిన బోరిస్ డియావ్ పెద్దగా ఎవరికీ తెలియని కుర్రవాడు. అయినా జట్టు 54 ఆటలు గెలిచింది, ఆ ఏడాది అందరికన్నా మెరుగుపడిన ఆటగాడి పురస్కారం డియావ్‌కు వచ్చింది. ఆటగాళ్ళు మారినా వాళ్ళకు అందుతున్న బంతి మారలేదు.

అయితే మీ అమ్మాయి కోపంతో అన్న మాటలో ఒక నిజం కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. షాట్ వేయని గార్డ్‌ను ఎవరూ దగ్గరగా కాపలా కాయరు. రెండడుగులు వెనక్కి తగ్గి పాసు దారులన్నీ మూసేస్తారు. నాష్ డాలస్‌లో ఉన్న రోజుల్లో అక్కడి కోచ్ డాన్ నెల్సన్ అతన్ని ఇంకా ఎక్కువ షాట్లు వేయమని పోరేవాడు. ఒక సీజన్‌లో ఆటలో వేసిన మొత్తం షాట్లు 50 శాతం, వాటిలో మూడు పాయింట్ల షాట్లు 40 శాతం, ఫౌలు జరిగినప్పుడు ఎవరూ అడ్డుకోకుండా వేసే ఫ్రీ త్రోలు 90 శాతం పడడం చాలా అరుదైన ఘనత. దాన్ని నాష్ నాలుగు సీజన్లలో సాధించాడు. ఫ్రీ త్రో వేసే ముందు బంతి లేకుండానే చేతిని ఆడించి చూసుకునేవాడు, మీరు వీడియోల్లో గమనించే ఉంటారు. అతని పాసులకు దారి ఇచ్చింది ఆ షాట్ మీదున్న భయమే. మీ అమ్మాయికి చెప్పవలసింది ‘షాట్ వేయి, అప్పుడే నీ పాసు ఇంకా బాగా వెళుతుంది’ అని. స్నేహితురాళ్ళకు పోటీగా వేయమని కాదు.

దీనికి మరో పక్క కూడా ఉంది. 2005 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ దశలో) డాలస్ మీద జరిగిన నాలుగో ఆట దొరికితే చూడండి. డాలస్ కావాలనే అతన్ని షాట్లు వేయనిచ్చి, మిగతావాళ్ళకు బంతి అందకుండా కాసింది. నాష్ 48 పాయింట్లు చేశాడు, సన్స్ ఓడిపోయింది. పాయింట్లు మాత్రమే చూసే ఎంపికదారుకు అతని గొప్ప ఆటల్లో అది మొదటిదిగా కనపడుతుంది.

ఇక ఇంట్లోనే నేర్చుకోదగినది ఒకటి. బుట్ట కిందికి దూసుకువెళ్ళి షాట్‌కు వీలు దొరకకపోతే చాలామంది గార్డులు అక్కడే బంతిని రెండు చేతులా పట్టుకుని ఆగిపోతారు. ఆగితే మళ్ళీ డ్రిబుల్ చేయకూడదు (బంతిని నేలకు కొడుతూ కదలకూడదు), చుట్టూ నలుగురు చేరతారు. నాష్ ఆగడు. డ్రిబుల్ చేస్తూనే బుట్ట వెనుకగా గీత వెంబడి తిరిగి అవతలి పక్కనుంచి బయటికి వస్తాడు. ఈలోపు కాపలాదారులు అతనివైపు తలలు తిప్పుతారు, ఎవరో ఒకరు ఖాళీ అవుతారు. చదువుకునే రోజుల్లో అతను టెన్నిస్ బంతిని డ్రిబుల్ చేసుకుంటూ కళాశాల ప్రాంగణంలో తిరిగేవాడట. టెన్నిస్ బంతికి ఖర్చు ఎంత!

కీళ్పాక్కం అభిమాని:

పై వివరణ బాగుంది, చాలావరకు ఒప్పుకుంటాను. కానీ మీ బావమరిది కొడుకు వాదనలో పస లేదనడం న్యాయం కాదు. నాష్ రక్షణ బలహీనమైనది. ఎదుటి జట్టులో వేగమైన గార్డ్ ఉంటే అతన్ని కాసే పని తరచుగా అతని సహచరుడు షాన్ మారియన్ మీద పడేది. నాష్‌ను తక్కువ ప్రమాదం ఉన్న చోట నిలబెట్టేవారు. పాయింట్ గార్డ్ కావాలనుకునే అమ్మాయి ఈ విషయంలో అతన్ని అనుసరించకూడదు. పైగా 162 సెంటీమీటర్ల ఎత్తుకు ఎంపికదారులు మొదట అనుమానించేది రక్షణనే.

2005-06లో లేకర్స్ జట్టు ఆటగాడు కోబీ బ్రయంట్ ఆటకు సగటున 35.4 పాయింట్లు చేశాడు, ఒకే ఆటలో 81 చేశాడు. అయినా నాష్ గెలిచిన ఆ ఏటి ఎంవీపీ ఓట్లలో నాలుగో స్థానంలో నిలిచాడు. ఆ ఏడు నేనైతే కోబీకే ఓటు వేసేవాణ్ణి. అయితే అదే సీజన్ ప్లేఆఫ్స్‌లో, ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారు నెగ్గే మొదటి రౌండులో, లేకర్స్ 3-1 ఆధిక్యంలో ఉండగా సన్స్ వరుసగా మూడు ఆటలు గెలిచి వాళ్ళను ఇంటికి పంపిందన్నది కూడా చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది.

ఛాంపియన్‌షిప్ సంగతి వేరు. 2007 ప్లేఆఫ్స్‌లో స్పర్స్ జట్టుతో జరిగిన సిరీస్ మొదటి ఆటలో వాళ్ళ గార్డ్ టోనీ పార్కర్‌తో ఢీకొని నాష్ ముక్కు చీలింది. రక్తం ఆగకపోవడంతో చివరి నిమిషంలో కీలక సమయాన కోర్టు బయట ఉండవలసి వచ్చింది. నాలుగో ఆట ముగిసే వేళ స్పర్స్ ఆటగాడు రాబర్ట్ హోరీ అతన్ని స్కోరు రాసేవారి బల్లమీదికి నెట్టాడు. బెంచ్ మీదనుంచి లేచి ముందుకు వచ్చినందుకు స్టౌడమైర్, డియావ్ ఇద్దరికీ ఒక ఆట నిషేధం పడింది. ఆ ఐదో ఆటను సన్స్ మూడు పాయింట్ల తేడాతో ఓడింది. నియమం నియమమే, కాదనను. కానీ ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ సిరీస్ తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. నాష్ ఒక్కసారి కూడా ఫైనల్స్‌లో ఆడలేదు.

పెరంబూరు వాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు అమ్మాయికి చదివి వినిపించాను. రక్షణ గురించి రాసినదాన్ని ఆమె వెంటనే ఒప్పుకుంది. మొదటి సమాధానాన్ని రెండుసార్లు చదివించుకుంది. ఆమెది ఇంకొక ప్రశ్న: మొదట్లో నాష్‌ను కూడా ఎవరైనా వద్దన్నారా?

అన్నానగర్ ఫిజియోథెరపిస్టు:

అమ్మాయి అడిగినదానికి నేను చెబుతాను, ఎందుకంటే ఆ మొదటి సంవత్సరాలే నాకు అన్నిటికన్నా ఇష్టం. నాష్ జొహానెస్‌బర్గ్‌లో పుట్టి, కెనడాలోని విక్టోరియాలో పెరిగాడు. తండ్రి ఫుట్‌బాల్ ఆటగాడు, తమ్ముడు కెనడా జట్టుకు ఫుట్‌బాల్ ఆడాడు; ఇతను కూడా చిన్నప్పుడు ఆ ఆటే ఎక్కువ ఆడి, పన్నెండు పదమూడేళ్ళకు గానీ బాస్కెట్‌బాల్‌ను గట్టిగా పట్టుకోలేదు. అమెరికా విశ్వవిద్యాలయాలకు ఎన్నో ఉత్తరాలు, వీడియోలు పంపితే ఉపకార వేతనం ఇస్తామన్నది ఒక్క శాంటా క్లారా మాత్రమే. 1993లో కళాశాలల జాతీయ పోటీలో ఆ చిన్న జట్టు రెండో సీడైన (బలాన్ని బట్టి రెండో స్థానం ఇచ్చిన) అరిజోనాను ఓడించింది; చివరి అర నిమిషంలో నాష్ వరుసగా ఆరు ఫ్రీ త్రోలు వేశాడు.

జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే 1996 డ్రాఫ్ట్‌లో ఫీనిక్స్ అతన్ని 15వ ఎంపికగా తీసుకున్నప్పుడు అక్కడి అభిమానులే కేకలు వేసి నిరసన తెలిపారు. మొదటి సీజన్‌లో అతని సగటు 3.3 పాయింట్లు, ముందు కెవిన్ జాన్సన్, తరువాత జేసన్ కిడ్ ఉండగా కోర్టు మీదికి వచ్చే అవకాశమే తక్కువ. 1998లో డాలస్‌కు పంపేశారు. ఆ మార్పిడిలో ఫీనిక్స్‌కు దక్కిన డ్రాఫ్ట్ హక్కుతోనే మరుసటి ఏడు షాన్ మారియన్ వచ్చాడు. నాష్ 2004లో తిరిగి వెళ్ళేసరికి అతని పాసులు అందుకోవడానికి మారియన్ అక్కడ ఉన్నాడు. డాలస్‌లో మొదటి సీజన్‌లోనైతే సొంత ప్రేక్షకులే అతన్ని ఎగతాళి చేశారు, షాట్లు 36 శాతమే పడ్డాయి. అప్పటికి అతనికి పాతికేళ్ళు. మీ అమ్మాయికి పదహారే కదండీ.

నా వృత్తి కారణంగా ఇంకొక మాట కలుపుతున్నాను. నాష్‌కు స్పాండిలోలిస్థెసిస్ ఉండేది, అంటే వెన్నెముకలో ఒక పూస కింది పూస మీదినుంచి ముందుకు జరగడం. కూర్చుంటే నడుము కండరాలు బిగుసుకుపోతాయి కాబట్టి ఆట మధ్యలో విశ్రాంతి సమయంలో అతను బెంచ్ మీద కూర్చోకుండా పక్కన నేలమీద పడుకునేవాడు. తెలియనివారికి అది అలసటలా కనిపించేది. వ్యాయామంలో, తిండిలో అంత జాగ్రత్తగా ఉండడం వల్లనే ఆ నడుముతో 18 సీజన్లు నెట్టుకొచ్చాడు. 36, 37 ఏళ్ళ వయసులో కూడా లీగ్‌లో అందరికన్నా ఎక్కువ అసిస్టులు అతనివే. 2012లో లేకర్స్‌కు మారిన రెండో ఆటలోనే ఢీకొని కాలి ఎముక విరిగింది, దాని వెంట నరాల నొప్పి మొదలైంది, ఆ తరువాత పూర్తిగా కోలుకోలేదు. 2015 మార్చిలో విరమించాడు. అప్పటికి 10,335 అసిస్టులు. ఆనాటికి అతని కన్నా ముందున్నది జాన్ స్టాక్టన్, జేసన్ కిడ్ ఇద్దరే.

మన ఊళ్ళో పిల్లలు ఎక్కువగా సిమెంటు కోర్టుల మీద ఆడతారు. రోజూ ఆడే పదహారేళ్ళ అమ్మాయికి నడుము నొప్పి రెండు వారాలు దాటి ఉంటే, ముఖ్యంగా వెనక్కి వంగినప్పుడు నొప్పి పెరిగితే, ‘ఆటలో మామూలే’ అని వదిలేయకండి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఎంపిక పోతుందన్న భయంతో నొప్పి దాచుకున్నవారే.

విల్లివాక్కం పాత గార్డ్:

నడుము గురించి రాసినందుకు ధన్యవాదాలమ్మా, మా రోజుల్లో ఈ మాట చెప్పినవారు లేరు. లెక్క ఎలా పెట్టుకోవాలన్న ప్రశ్నకు నేను జవాబు ఇవ్వలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. ఒక నోటుపుస్తకం తీసుకుని గట్టు మీద కూర్చోండి. అమ్మాయి పాసు తరువాత బుట్ట పడితే ఒక గీత. షాట్ తప్పినా ఆ అమ్మాయి ఖాళీగా ఉండి వేసినదైతే పక్క వరుసలో ఇంకొక గీత. పాసు అందుకున్నామెకు ఫ్రీ త్రోలు వస్తే మూడో వరుస. ఎన్‌బీఏ లెక్కల్లో కూడా ఈ చివరి రెండూ అసిస్టులు కావు, కానీ గార్డ్ పని అక్కడే ఎక్కువ ఉంటుంది. బంతి పోగొట్టుకున్నవి కూడా తప్పకుండా రాయండి, దాచకండి. పాతిక ఆటలయ్యాక ఆ పుస్తకాన్ని కోచ్ గారికి చూపించండి.

పెరంబూరు వాసి:

నిన్న ఆదివారం స్నేహపూర్వక ఆటలో మొదటిసారి రాశాను. బుట్ట పడిన పాసులు ఏడు, ఖాళీ షాట్ తప్పినవి తొమ్మిది, ఫ్రీ త్రోలు తెచ్చినవి రెండు, బంతి పోగొట్టుకున్నవి ఐదు. తాను చేసినవి ఆరు పాయింట్లు; షాట్లు మునుపటి కన్నా ఎక్కువ వేసింది. ఇంటికొచ్చాక నోటుపుస్తకం తీసుకుని, ఆ ఐదింటిలో ఒకటి తన తప్పు కాదని నాతో చాలాసేపు వాదించి, చివరికి అలాగే ఉండనిచ్చింది. నడుము నొప్పి ఏమీ లేదట, మళ్ళీ అడుగుతాను.