బస్తీలో మెట్లబావి పూడిక తీయాలంటే ముందేం చూసుకోవాలి?

కవాడిగూడ వాసి: 2022 డిసెంబరులో సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్లబావి మళ్లీ తెరుచుకున్నాక పక్క బస్తీల్లోనూ కదలిక వచ్చింది. మా బావిలో పైమెట్ల దాకా చెత్తే, అడుగున నల్లనీళ్లు. బస్తీ కమిటీ రెడీగా ఉంది. పని ఏ వరుసలో చేయాలి?

గానుగసున్నం: రెండు మోటార్లు పెట్టి ఒక్కరోజులో నీళ్లు తోడేయాలని మాత్రం చూడకండి. గోడ వెనకాల మట్టి నీళ్లు తాగి బరువెక్కి ఉంటుంది. ఇన్నాళ్లూ దాన్ని ఆపింది లోపలి నీళ్లే. అవి ఒక్కసారిగా పోతే రాతిగోడ లోపలికి ఉబ్బి కూలుతుంది. రోజుకు అడుగు, మహా అయితే అడుగున్నర తోడండి. గోడలో పగుళ్లుంటే వాటికి అడ్డంగా సున్నం పట్టీ పూసి తేదీ రాయండి. పట్టీ చిట్లిందంటే గోడ కదులుతున్నట్టే, వెంటనే మోటారు ఆపేయాలి. పూడికను పైనుంచి క్రేన్ బకెట్‌తోనే తీయించండి. క్రేన్ మాత్రం బావి అంచుకు దూరంగా నిలబడాలి.

రక్షణ ముందు: దీపం దించి చూశాం, ఆరలేదు, మనిషిని దింపొచ్చు అనుకోవద్దు. ఆక్సిజన్ తక్కువైతే దీపం ఆరుతుందేమో గానీ, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు సంగతి దానికి తెలియదు. మీథేన్ ఉంటే ఆ దీపమే ప్రమాదం. గ్యాస్ మీటరు అద్దెకు తెచ్చుకోండి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు పది పాళ్లు) దాటినా ఎవరూ దిగకూడదు. బురదను కదిపిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి, అందులో చిక్కుకున్న గ్యాస్ అప్పుడే బయటికొస్తుంది.

కవాడిగూడ వాసి: రాళ్ల సందుల్లో రావి మొక్కలున్నాయండి. మేస్త్రీ పీకేసి సిమెంటు కొడదామంటున్నాడు.

గానుగసున్నం: రెండూ వద్దు. రావిని గుంజితే వేరుతోపాటు రాయీ ఊడొస్తుంది. కాండం కోసేసి, ఆ చుట్టూ రాళ్లకు సుద్దతో నంబర్లేసి, ఫోటో తీసి, విప్పి, వేరంతా తీశాక అదే వరుసలో పేర్చాలి. కలుపుమందు పోయకండి, నీళ్లలోకి దిగుతుంది. సిమెంటు కొడితే తేమ బయటికి రాలేక రాయి పెచ్చులూడుతుంది. కనీసం 15 రోజులు నానిన సున్నం ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, మెత్తటి ఇటుకపొడి ఒక పాలు కలిపి గానుగలో తిప్పి నూరించండి. ఎండిన పాత సున్నాన్ని అంగుళం లోతు గీకి, తడిపి, కొత్తది కూరండి. పది రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. ఎండకు తొందరగా ఆరిందా, పొడిపొడిగా రాలిపోతుంది.

మ్యాన్‌హోల్: నల్లనీళ్లంటే డ్రైనేజీ లీకై ఉండొచ్చు. బావికి ఎగువనున్న మ్యాన్‌హోల్‌లో రంగు పోసి బావిలో తేలుతుందేమో చూడండి. తేలితే ముందు ఆ పైపు బాగుచేయించండి. అది వదిలేసి ఎంత శుభ్రం చేసినా వృథానే.

నాగన్నకుంట: బన్సీలాల్‌పేటను ఇదివరకు నాగన్నకుంట అనేవాళ్లు, నా పేరు అక్కడిదే. మీ బావి పాత పేరు కూడా పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టుకోండి, రెవెన్యూ రికార్డుల్లో వెతకడానికి అదే పనికొస్తుంది. చివర్లో ఇనుప జాలి గేటు వేయిస్తారు కదా, తాళంచెవులు రెండు చేయించి బావికి అటొకటి ఇటొకటి ఎదురిళ్లలో ఇవ్వండి. తాళంచెవి ఆఫీసులో ఉంటే బతుకమ్మ రోజున గేటు తెరిచే దిక్కుండదు.