కళింగపట్నం తీరంలో రాత్రి గాలాలకి: మందు మిషన్ బ్యాటరీతో లైటు చేసుకోవచ్చా?

ఆమదాలవలస వైరింగ్:

అందరికీ నమస్తే. మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి ఇళ్లకి వైరింగ్ పనులకి వెళ్తున్నాను. ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి మా స్నేహితులం కళింగపట్నం వెళ్దామనుకుంటున్నాం. వంశధార సముద్రంలో కలిసే వైపు గాలాలు వేసుకుని, అక్కడే వండుకుని, తెల్లారాక వచ్చేస్తాం.

నాన్న పొలానికి పురుగు మందు కొట్టే మిషన్‌లోని పాత బ్యాటరీ ఇంట్లో ఉంది. 12 వోల్టులు, 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు). వాడక చాలాకాలమైంది. పాడైన లాప్‌టాప్ బ్యాటరీలు విప్పితే వచ్చిన సెల్స్ కూడా కొన్ని ఉన్నాయి. 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు రాత్రంతా వెలగాలి, ఫోన్లు చార్జింగ్ అవ్వాలి. ఆ లాప్‌టాప్ సెల్స్‌ని బ్యాటరీకి పారలల్‌గా కలిపితే బలం వస్తుందా? చేసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి సౌండ్స్:

50 వాట్లంటే 12 వోల్టుల మీద 4 ఆంపియర్ల పైనే లాగుతుంది. 8 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైనా రెండు గంటలు నిలవదు. మేం ఫంక్షన్లకి తీసుకెళ్లే చిన్న జనరేటర్ లాంటిది ఒకటి అద్దెకి తెచ్చుకో. ఏ గొడవా ఉండదు.

నరసన్నపేట వైండింగ్ షాపు:

తమ్ముడూ, జనరేటర్ మాట పక్కన పెట్టు. గాలం వేసేవాడికి చప్పుడు దేనికి? నువ్వు అడిగింది చేసుకోదగ్గ పనే, కానీ రెండు విషయాలు మార్చుకోవాలి.

మొదటిది, లాప్‌టాప్ సెల్స్‌ని ఆ బ్యాటరీకి కలపొద్దు. అవి లిథియం అయాన్, నిండితే ఒక్కోటి 4.2 వోల్టులు. నీది లెడ్ యాసిడ్. మూడు సెల్స్ సిరీస్‌లో పెడితే 12.6 దగ్గర ఆగాలి, లెడ్ చార్జరేమో 14 దాటి ఇస్తుంది. అంటే అవి ఓవర్‌చార్జ్ అయి అంటుకునే ప్రమాదం ఉంది. నాలుగు పెడితే 16.8 కావాలి, ఆ చార్జరుతో సగం కూడా నిండవు. పైగా పాత సెల్స్ అన్నీ ఒకేలా అరిగి ఉండవు. సిరీస్‌లో బలహీనమైన సెల్ ముందే ఖాళీ అయిపోతుంది, మిగతావి దాన్ని ఇంకా కిందికి లాగుతాయి. అలాంటి ప్యాక్ పెట్టుకుని ఇసుకలో నిద్రపోవడం నాకు ఇష్టం లేదు, నువ్వూ ఆ పని చెయ్యకు.

నాన్నగారి బ్యాటరీని ముందు పరీక్షించు. లోడు లేకుండా మల్టీమీటర్‌లో 10.5 కన్నా తక్కువ వస్తే దాని మీద ఆశ వదులుకో. ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోయిందన్నమాట. 12.6 చూపించినా అప్పుడే సంతోషపడకు. వోల్టేజీ చూపించడం వేరు, కరెంటు ఇవ్వడం వేరు. ఫుల్ చార్జింగ్ చేసి, కొన్ని గంటలు వదిలేసి, బైక్ హెడ్‌లైట్ 35 వాట్ల బల్బు తగిలించి మీటరు చూస్తూ కూర్చో. అది దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. ఐదు నిమిషాల్లోనే 11 కిందికి జారిపోతే ఆ బ్యాటరీ పనికిరాదు. మా షాపుకి వచ్చే మందు మిషన్లలో చాలావాటికి మోటారు బాగానే ఉంటుంది, పోయింది బ్యాటరీయే అయి ఉంటుంది. పంటకాలం అయ్యాక ఎవరూ చార్జింగ్ పెట్టకుండా మూల పడేస్తారు. నెలకోసారి చార్జింగ్ పెడితే ఆ బ్యాటరీ ఇంకా చాలాకాలం బతుకుతుంది. రైతులకి ఈ ఒక్క మాట చెప్పాలని నాకు ఎప్పుడూ ఉంటుంది.

రెండోది అసలు విషయం. నీకు 50 వాట్లు ఎందుకు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. మా అత్తగారి ఊరు అటే. మందు మిషన్ బ్యాటరీలు, ట్రాక్టర్ బ్యాటరీలు పెట్టి ఫోన్లు చార్జింగ్ చేశాం. 3 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కింద పదిమంది కూర్చుని అన్నం తిన్నారు. ఆ బల్బు చాల్లేదని ఎవరూ అనలేదు. గాలానికి ఎర కట్టడానికీ, కూర తరగడానికీ 3 వాట్లే ఎక్కువ. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఫ్లడ్ లైటు పెట్టావంటే ఆ వెలుగు గుండ్రం బయట నీకు నీరూ కనపడదు, అలలూ కనపడవు. నదీ ముఖం దగ్గర అది మంచిది కాదు. అక్కడ ఇసుక దిబ్బలు చోటు మారుతుంటాయి, పోటూ పాటూ మారేటప్పుడు లాగుడు గట్టిగా ఉంటుంది.

కొత్తగా చేసుకునే స్తోమత ఉంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ నాలుగు తీసుకో. 32650 సైజు అని అడిగితే ఇస్తారు. ఒక్కోటి 3.2 వోల్టులు, 6 ఏహెచ్. నాలుగూ సిరీస్‌లో 12.8 వోల్టులు, మొత్తం దాదాపు 77 వాట్ అవర్లు. 3 వాట్ల లైటు రాత్రంతా వెలిగినా అందులో సగం ఖర్చవదు, మిగిలింది ఫోన్లకి. ఫోన్లకి బైకులకి పెట్టే 12 వోల్టుల యూఎస్‌బీ సాకెట్ చాలు. నాలుగు సెల్స్‌కి సరిపడే బీఎంఎస్, అంటే సెల్స్ ఓవర్‌చార్జ్ కాకుండా, మరీ ఖాళీ అవకుండా కాపాడే చిన్న బోర్డు, తప్పకుండా పెట్టు. చార్జరు 14.6 వోల్టులది, ఈ రకం బ్యాటరీకి చేసిందే కొను. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టకు. ఆ వేడికి లోపల పొర దెబ్బతింటుంది. స్ట్రిప్ వెల్డింగ్ చేసి ఉన్న సెల్స్ దొరుకుతాయి, స్ట్రిప్ కొస మీద సోల్డర్ చేసుకో. ప్లస్ వైరు మీద, బ్యాటరీకి దగ్గరగా, బైక్ ఫ్యూజు 5 ఆంపియర్లది పెట్టు. ఫ్యూజు లైటు దగ్గర పెడితే మధ్యలో వైరు నలిగి షార్ట్ అయినప్పుడు దాని వల్ల ఉపయోగం లేదు.

పెట్టె కోసం డబ్బులు పెట్టకు. నాలుగు అంగుళాల పీవీసీ పైపు ముక్క, రెండు ఎండ్ క్యాపులు. సెల్స్ రెండు వరసలుగా అందులో సరిగ్గా పడతాయి, సందుల్లో స్పాంజి కుక్కు. కింద చిన్న చిల్లు వదులు. టెర్మినల్స్‌కి పెట్రోలియం జెల్లీ రాయి. సముద్రపు గాలిలో ఉప్పు ఇత్తడిని కూడా వదలదు. కళింగపట్నం వైపు నుంచి వచ్చే ఫ్యాన్ల స్క్రూలు తిప్పితే తలలు ఊడిపోతుంటాయి. ఒకవేళ నాన్నగారి బ్యాటరీయే బాగుందని తేలితే దాన్ని మాత్రం గాలి ఆడకుండా ఎప్పుడూ మూయకు, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది.

ఇక నెల సంగతి. నువ్వు వెళ్లేది ఫిబ్రవరిలో. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అదే. రాత్రిపూట ఒడ్డుకి వస్తాయి. తెల్లటి లైటు, మనుషుల అలికిడి ఉంటే గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతాయి. గుడ్ల నుంచి వచ్చే పిల్లలదీ ఇదే కష్టం. దిగువన ఎటు వెలుగు ఎక్కువుంటే అదే సముద్రమనుకుని అటు నడుస్తాయి. నీ ఫ్లడ్ లైటు ఊరివైపు ఉంటే ఊరివైపే వస్తాయి. అందుకని ఒడ్డు మీద తెల్ల లైటు వద్దు, ఎర్రది చేసుకో.

బొబ్బిలి సౌండ్స్:

తాబేళ్ల సంగతి మంచిదే అన్నా. కానీ రోడ్డు లైట్లు, రిసార్టుల లైట్లు అంతంత ఉండగా కుర్రాళ్ల ఒక్క లైటు ఆర్పితే ఒరిగేదేముంది?

నరసన్నపేట వైండింగ్ షాపు:

రోడ్డు లైటు దూరంగా ఉంటుంది. వీళ్ల లైటు ఇసుక మీద, అలకి దగ్గర్లో ఉంటుంది. తల్లి తాబేలు పైకెక్కే దారిలోనే. దగ్గరున్న చిన్న వెలుగే దాన్ని ఎక్కువ బెదరగొడుతుంది. రోడ్డు లైట్లు ఆర్పడం నా చేతిలో లేదు, ఈ కుర్రాడు చేసే లైటు గురించి అడిగాడు కాబట్టి చెప్పాను. శ్రీకూర్మం ఉన్న జిల్లా మనది. కూర్మానికి గుడి కట్టి మొక్కే చోట, నిజం తాబేలు ఒడ్డుకొచ్చిన రాత్రి కాస్త చీకటి ఇవ్వడం కష్టమేమీ కాదు.

బారువ ఒడ్డు:

అన్నగారు చెప్పింది నిజం. మాది బారువ, ఇల్లు ఒడ్డుకి దగ్గర. తాబేలు పిల్లలు ఎక్కువగా రాత్రిపూటే, ఇసుక చల్లబడ్డాక పైకి వస్తాయి. సెల్‌ఫోన్ టార్చి వేస్తే చాలు, తిరిగి మన కాళ్ల వైపు వచ్చేస్తాయి. తల్లి కనపడితే ముందుకి వెళ్లకండి, వెనక దూరంగా కూర్చోండి. ఫ్లాష్‌తో ఫోటో తియ్యొద్దు. గూడు కనపడితే గుడ్లు ముట్టకుండా అటవీ శాఖ వాళ్లకి చెప్పండి. ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఇంకో మాట, ఇసుకలో గోతులు తవ్వి పొయ్యి పెడితే వచ్చేముందు పూడ్చేయండి. పిల్ల తాబేలు పడితే ఎక్కలేదు. తెగిన గాలం దారం ఒక్క ముక్క కూడా వదలొద్దు.

ఆమదాలవలస వైరింగ్:

అందరికీ థ్యాంక్స్. తాబేళ్ల సంగతి మాకెవ్వరికీ తట్టలేదు. నాన్న బ్యాటరీకి బల్బు పెట్టి చూశాను అన్నా, మూడు నిమిషాలకే 9 వోల్టులకి వచ్చింది. సెల్స్ కొంటాను. ఎర్ర లైటుకి తెల్ల ఎల్‌ఈడీ మీద ఎర్ర జిలేటిన్ కాగితం చుడితే సరిపోతుందా?

నరసన్నపేట వైండింగ్ షాపు:

కాగితం వద్దు. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం చిప్పే, దాని మీద పసుపు పూత ఉంటుంది. పల్చటి కాగితం ఆ నీలాన్ని పూర్తిగా ఆపదు. తాబేళ్లని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆ నీలమే. అసలు ఎర్ర ఎల్‌ఈడీలే కొను, 5 ఎంఎంవి, రూపాయల్లో వస్తాయి. వాటి వెలుగు 620, 630 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, నీలం అసలు ఉండదు. ఒక్కోదానికి దాదాపు 2 వోల్టులు. నాలుగు సిరీస్‌లో పెట్టి 330 ఓమ్స్ పావు వాటు రెసిస్టర్ వెయ్యి. 12.8 మీద 15 మిల్లీ ఆంపియర్ల దగ్గర, బ్యాటరీ నిండుగా 14.6 ఉన్నా 20 మిల్లీ ఆంపియర్లు. ఎల్‌ఈడీకీ రెసిస్టర్‌కీ ఏమీ కాదు. అలాంటి వరసలు రెండు పెట్టు. అవి రెండూ వారం రోజులు ఆపకుండా వెలిగినా నీ 6 ఏహెచ్ అయిపోదు.

లైటు చుట్టూ రేకు డబ్బా మూత వంచి గొడుగులా పెట్టు, వెలుగు కిందికే పడాలి. ఎర్ర లైటు అయినా సముద్రం వైపు తిప్పకు, పనున్నప్పుడే వెయ్యి. 3 వాట్ల తెల్లది వేరే స్విచ్చి మీద ఉంచు. అది బండి పంక్చర్ లాంటి అవసరానికి, రోడ్డు మీద. స్విచ్చిలు రెండూ ఒకేలా ఉంటే చీకట్లో తెల్లది నొక్కేస్తావు, ఒకటి టాగిల్ తీసుకో, ఒకటి పుష్ బటన్.

పాత బ్యాటరీని చెత్తలో వెయ్యకు, సీసం ఉంటుంది. బ్యాటరీ షాపులో ఇస్తే తూకానికి డబ్బులిస్తారు. ఆ లాప్‌టాప్ సెల్స్‌ని రెండు కొసలకీ టేపు వేసి వేరే డబ్బాలో పెట్టు, ఒకదానికొకటి తగలనివ్వకు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లు వచ్చినప్పుడు ఇచ్చేయ్.

ఆమదాలవలస వైరింగ్:

బీఎంఎస్‌కి సన్న వైర్లు ఐదు వచ్చాయి అన్నా, ఏ వరసలో కలపాలి?

నరసన్నపేట వైండింగ్ షాపు:

నల్లది మొత్తం ప్యాక్ మైనస్‌కి. తర్వాతది మొదటి సెల్ ప్లస్‌కి, అలా వరసగా, చివరి ఎర్రది నాలుగో సెల్ ప్లస్‌కి. కనెక్టర్ బీఎంఎస్‌కి గుచ్చకముందే మీటరు పెట్టు: నల్లదాని నుంచి ఒక్కో వైరుకీ 3.2, 6.4, 9.6, 12.8 చుట్టుపక్కల వరసగా పెరుగుతూ రావాలి. ఎక్కడైనా వరస తప్పితే గుచ్చకు, ఫోటో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.